నగరంలో ఆదివాసులకు మనోవైద్యం: పెద్దల్ని, డాక్టర్లని ఒకే గదిలోకి తేవడం ఎలా?

విన్నిపెగ్ వాసంతి
జనవరి 9, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది లేదు. ఈసారి సలహా కావాలి.

నాది నరసరావుపేట దగ్గర పల్లె. కెనడాలో, విన్నిపెగ్‌లో సోషల్ వర్కర్‌ని. ఈ చలికాలం నాకు కొత్త పని అప్పజెప్పారు. నగరంలో ఉంటున్న ఆదివాసులకి మానసిక ఆరోగ్య సేవలు ఇచ్చే సంస్థలు బోలెడు ఉన్నాయి. ఎవరి దారి వాళ్ళది. వాటిలో ఏడింటిని కలిపి నడిపించాలట. పేరు కోఆర్డినేటర్. చేతిలో ఒక ఫోను, ఒక ఎక్సెల్ షీటు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇక్కడి మూలవాసులు ఫస్ట్ నేషన్స్, మెటీ, ఇన్యూట్ అని మూడు పెద్ద సమూహాలు. 2021 జనగణన ప్రకారం దేశం మొత్తం మీద 18 లక్షల మంది. విన్నిపెగ్, దాని చుట్టుపక్కల కలిపి లక్షా రెండు వేల మంది ఉన్నారు. కెనడాలో మరే నగరంలోనూ ఇంతమంది లేరు.

సమస్య ఎలా ఉంటుందో ఒక మనిషి సంగతి చెప్తే అర్థమవుతుంది (వివరాలు మార్చాను). ఉత్తరాన, విమానం తప్ప దారి లేని ఊరి నుంచి ఒకమ్మాయి బిడ్డ వైద్యం కోసం ఇక్కడికి వచ్చింది. చలికాలం సరస్సులు గడ్డకట్టినప్పుడు మంచు మీద రోడ్డు వేస్తారు, మిగతా కాలమంతా విమానమే. వచ్చిన నెలకే ఊళ్ళో పినతల్లి కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. అంత్యక్రియలకి వెళ్ళలేకపోయింది. నిద్ర పోయింది, తిండి పోయింది.

ఆస్పత్రి సోషల్ వర్కర్ అడిగితే జరిగిందంతా చెప్పింది. వాళ్ళు క్రైసిస్ టీమ్‌కి పంపితే అక్కడ మళ్ళీ చెప్పింది. తర్వాత కేంద్ర ప్రభుత్వ పథకం కింద కౌన్సెలర్, తర్వాత బస చేసే హాస్టల్ నర్సు, తర్వాత మందు మాన్పించే కేంద్రం. అయిదు చోట్ల అయిదుసార్లు తమ్ముడి చావు చెప్పుకుంది. ఆరో చోట ఫారం తియ్యగానే లేచి వెళ్ళిపోయింది. ఫైల్లో ఏమని రాశారో తెలుసా? "సహకరించడం లేదు."

ఆమె అడిగింది ఒకటే. తన భాష వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర కూర్చోవాలని (ఆచారాలు తెలిసి, తమవాళ్ళలో గౌరవం ఉన్నవాళ్ళని ఇక్కడ పెద్దలంటారు). ఆ పెద్దావిడ మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతలే ఉంటుంది. మా ఎక్సెల్ షీట్లో ఆవిడ పేరు వెయ్యడానికి కాలమ్ లేదు.

ఇలాంటి పని చేసినవాళ్ళు, చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

పాతచింతకాయ
జనవరి 10, ఉదయం 7:05

అమ్మా, ముందు నా అజ్ఞానం మన్నించు. ఆదివాసులంటే మనకి అడవి, కొండ, ఏజెన్సీ గుర్తొస్తాయి. వీళ్ళు నగరానికి ఎందుకు వచ్చారు? వచ్చాక అందరికీ ఉన్న ఆస్పత్రులే వాళ్ళకీ ఉన్నాయి కదా. వేరే ఏర్పాటు ఎందుకు?

విన్నిపెగ్ వాసంతి
జనవరి 10, సాయంత్రం 6:40

బాబాయ్ గారూ, వచ్చిన కారణాలు మన ఊళ్ళ నుంచి హైదరాబాదు వచ్చేవాళ్ళవే: చదువు, ఉద్యోగం, ఆస్పత్రి, ఊళ్ళో చాలని ఇళ్ళు. దాని పైన ఇంకోటుంది. 1880ల నుంచి 1990ల దాకా దాదాపు లక్షన్నర మంది పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి లాక్కుపోయి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. భాష మాట్లాడితే కొట్టారు. మరోపక్క 60వ దశకం నుంచి పిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళకి దత్తత పంపేశారు. అలా ఊరితో తెగిపోయినవాళ్ళు చాలామంది నగరాల్లోనే తేలారు.

"అందరికీ ఉన్న ఆస్పత్రులే" అన్నారు. 2008లో ఈ ఊళ్ళోనే బ్రయన్ సింక్లెయిర్ అనే ఆదివాసి ఎమర్జెన్సీ హాల్లో చక్రాల కుర్చీలో 34 గంటలు కూర్చుని అక్కడే చనిపోయాడు. చికిత్స ఉన్న ఇన్ఫెక్షనే. తాగి నిద్రపోతున్నాడనుకున్నారు కొందరు. ఇక్కడ ఆదివాసుల ఇళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు ఉండరు. "ఆస్పత్రికి వెళ్దాం" అంటే వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ కుర్చీ.

పిల్లల భయం ఇంకోటి. మానిటోబాలో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మంది దాకా ఆదివాసుల పిల్లలే. తల్లి "నాకు బతకాలని లేదు" అని చెప్తే బిడ్డని తీసుకుపోతారేమో అని ఏ తల్లయినా నోరు మూసుకుంటుంది.

ఓక్లాండ్ సుధ
జనవరి 11, ఉదయం 9:15

వాసంతి గారూ, నేను అమెరికాలో, కాలిఫోర్నియాలో పబ్లిక్ హెల్త్‌లో పని చేస్తాను. ఇక్కడ మరీ దారుణం. 1956లో రీలొకేషన్ చట్టం తెచ్చి, "రిజర్వేషన్లలో ఏముంది, నగరానికి రండి, ఉద్యోగం ఇప్పిస్తాం" అని డెన్వర్, షికాగో, లాస్ ఏంజెలెస్, మా బే ఏరియా లాంటి చోట్లకి బస్సులూ రైళ్ళూ ఎక్కించారు. తీరా దిగాక చాలామందికి మిగిలింది చాలీచాలని గదులు, ఒంటరితనం. ఓక్లాండ్‌లో ఇంటర్‌ట్రైబల్ ఫ్రెండ్‌షిప్ హౌస్ 1955 నుంచి ఉంది. వేరువేరు తెగల వాళ్ళు వారానికోసారి కలిసి తినడానికి, డప్పు కొట్టుకోడానికి ఒక చోటు. దాన్ని అప్పట్లో ఎవరూ మానసిక ఆరోగ్య కేంద్రం అనలేదు. ఆ పని మాత్రం చేసింది.

ఇప్పుడు దేశంలో ఆదివాసుల్లో నూటికి డెబ్భై మంది నగరాల్లోనే ఉన్నారు. 1976 చట్టం కింద నడిచే నగర ఆదివాసీ ఆరోగ్య సంస్థలు 41. కేంద్ర ఆదివాసీ ఆరోగ్య బడ్జెట్లో వాళ్ళకి దక్కేది ఒక శాతం దగ్గర్లో. లెక్క మీరే వేసుకోండి.

ఒక మంచి కబురు. 2024 అక్టోబరులో అరిజోనా, కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, ఓరెగాన్ రాష్ట్రాల్లో సంప్రదాయ వైద్యానికి మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద డబ్బు కట్టొచ్చని ఒప్పుకున్నారు. మీ షీట్లో లేని కాలమ్ ఇక్కడ కాగితం మీదకి వచ్చింది. మా వాళ్ళు ఇప్పుడు కొట్టుకుంటున్నది దాని తర్వాతి ప్రశ్న గురించి: ఫలానా ఆయన నిజంగా సంప్రదాయ వైద్యుడే అని ఎవరు చెప్పాలి? ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వడమంటే నవ్వులాట. ఆ సంస్థ, ఆ సమాజమే చెప్పాలి.

ప్రశ్నార్థకం
జనవరి 11, మధ్యాహ్నం 1:30

ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతాను. మన దగ్గర పిచ్చి పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మూఢనమ్మకం అంటాం. 2001లో తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. అదే కెనడాలో ఆదివాసులు ప్రార్థనకి ఆకు పొగ వేస్తే "సాంస్కృతిక వైద్యం" అయిపోతుందా? రుజువు ఏముంది?

డాక్టర్ మూర్తి (విశాఖ)
జనవరి 11, రాత్రి 10:10

ప్రశ్నార్థకం గారూ, ప్రశ్న సరైనదే. మనోవైద్యుడిగా ఇరవై ఏళ్ళ నుంచి దాంతోనే వేగుతున్నాను.

ఎర్వాడి సంగతి. అక్కడ ప్రాణాలు తీసింది నమ్మకం కాదు, గొలుసు. నిప్పంటుకున్నప్పుడు వాళ్ళు పరిగెత్తలేకపోయారు. ఆ తర్వాత గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర మనోవైద్యులు వెళ్ళి కూర్చున్నారు. దర్గా చూసుకునే ముజావర్లే "దువా (ప్రార్థన) నా దగ్గర తీసుకో, దవా (మందు) ఆ గదిలో తీసుకో" అని పంపుతారు. దర్గాకి వెళ్ళొద్దన్నప్పుడు డాక్టరు దగ్గరికి రాని జనం ముజావర్ చెప్తే వచ్చారు.

రుజువు కావాలన్నారు కాబట్టి: చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు 1998లో బ్రిటిష్ కొలంబియాలోని ఫస్ట్ నేషన్స్ ఊళ్ళ లెక్కలు తీశారు. ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు ఎక్కువ అని అందరూ ఒకే మాటగా అనేవాళ్ళు. వీళ్ళు ఊరూరా చూస్తే సగానికి పైగా ఊళ్ళలో అసలు ఒక్కటీ లేదు. కొన్ని ఊళ్ళలో విపరీతం. తమ భూమి, బడి, ఆరోగ్యం, పాలన తమ చేతుల్లో ఉండి, సంస్కృతికి ఒక చోటున్న ఊళ్ళలో తక్కువ. అంటే పొగ వేస్తే డిప్రెషన్ తగ్గుతుందని ఆ అధ్యయనం చెప్పలేదు. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడమంది. ఈ తేడా మర్చిపోతే ఆఫీసులో ఒక ఈక, ఒక బొమ్మ తగిలించి "సాంస్కృతికం" అనేస్తారు.

ఇక వాసంతి గారికి ఒక్క హెచ్చరిక. వాళ్ళకి స్వెట్ లాడ్జ్ అని ఉంటుంది. కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు పోసి, మూసిన గుడారంలో ఆవిరిలో కూర్చుంటారు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో బైపోలార్ జబ్బుకి లిథియం మాత్ర వేసుకునేవాళ్ళు ఉండొచ్చు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, ప్రాణం మీదకి రావచ్చు. ఉపవాసాలకీ ఇదే వర్తిస్తుంది. డాక్టరుకి స్వెట్ సంగతి తెలియదు, దాన్ని నడిపే పెద్దాయనకి మాత్ర సంగతి తెలియదు, మధ్యలో మనిషి పోతాడు. నన్నడిగితే వాళ్ళిద్దరి మధ్య ఫోన్ నంబరు ఉండటం మీ ఎక్సెల్ షీటు మొత్తం కన్నా ముఖ్యం. "స్వెట్‌కి వెళ్ళొద్దు" అని మాత్రం చెప్పకండి. అలా చెప్తే వాళ్ళు మాత్ర మానేసి వెళ్తారు. ఎప్పుడు వెళ్ళాలి, ఎంతసేపు కూర్చోవాలి, రక్తపరీక్ష ఎప్పుడు అన్నది కూర్చుని మాట్లాడుకోవాలి. మండే రాళ్ళకి దూరంగా, తలుపు దగ్గర కూర్చోబెట్టడం ఆ పెద్దలకి తెలిసిన పనే.

ప్రశ్నార్థకం
జనవరి 11, రాత్రి 10:52

పగ్గాల మాట బాగుంది. ఒప్పుకుంటున్నా. పొగ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

ఉట్నూరు తమ్ముడు
జనవరి 12, ఉదయం 6:20

అక్కా, నేను ఆదిలాబాద్ దిక్కు గోండును. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంతమంది ఆదివాసుల గురించి మాట్లాడుతున్నరు కాబట్టి ఒక ఆదివాసి కూడా మాట్లాడితే బాగుంటదని రాస్తున్న.

మా అన్న సంగతి చెప్తా. డిగ్రీకి పట్నం వచ్చిండు. హాస్టల్‌లో గోండి మాట్లాడేటోళ్ళు ఇద్దరే. రెండో ఏడు గుండె దడ, నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నట్టు అనిపించుడు. ఒక ఆస్పత్రికి తీసుకపోయినం. డాక్టర్ సార్ మంచోడే, టైమ్ లేదు. "ఏమనిపిస్తుంది" అంటే అన్న తెలుగులో చెప్పబోయి ఆగిండు. ఇంటి పేన్‌కి, అంటే మా దేవునికి, ఆ ఏడు మొక్కు తీర్చలేదని, అందుకే ఇట్లయితుందని అన్నడు. పక్కన ఉన్నోళ్ళు నవ్విన్రు. "దయ్యమా?" అన్నరు. ఇంక మా అన్న నోరు తెరవలే. చీటీ మీద రాసిన మాత్ర తెచ్చుకున్నడు, వారం వేసుకున్నడు, మానేసిండు.

పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌ల నాగోబా జాతర. మెస్రం వంశపోళ్ళు గోదావరి నీళ్ళు తేనీకి చెప్పుల్లేకుండ రోజుల తరబడి నడుస్తరు. ఆ నీళ్ళతో దేవునికి పూజ. ఆ ఏడు కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళని దేవుని ముందర నిలబెట్టి పరిచయం చేస్తరు, దానికే భేటీ అంటం. అప్పటిదాకా ఆ పిల్ల వంశంల పూర్తిగా కలవనట్టే లెక్క. నేను అన్నని అక్కడికి తీసుకపోయిన. ఏమీ మాయ జరగలే. వంట పొయ్యి కాడ మా మేనమామ పక్కన మూడు రోజులు కూర్చున్నడు. మా కథలు పాడే పర్ధాన్ తాత కీక్రి అనే తీగల వాద్యం వాయించుకుంట మా వంశం కథ చెప్తుంటే వాడు ఏడ్చిండు. ఏడ్వనిచ్చిన్రు. ఎవరూ ఫారం నింపలే.

తర్వాత మేనమామే అన్నడు, "మాత్ర కూడా వేసుకో, ఇది వేరే అది వేరే" అని. అప్పుడు వేసుకున్నడు. ఇప్పటికీ వేసుకుంటుండు, నౌకరి చేస్తుండు. ప్రశ్నార్థకం అన్నా, ఏది పని చేసిందని నన్ను అడగకు. నాకు రెండూ కావాలె.

2011 లెక్కల ప్రకారం మన దేశంల ఎస్టీలు పది కోట్లకు పైనే, అందుల పట్నాలల్ల ఉన్నది నూటికి పది మంది. పది శాతమంటే చిన్నగ అనిపిస్తది కానీ కోటి మంది. ప్రభుత్వం 2022ల టెలీ మానస్ అని మనసు బాగలేనోళ్ళకి ఫోన్ సాయం పెట్టింది, నంబర్ 14416. మంచిదే. అన్న కోసం నేనే ఒకసారి ఫోన్ చేసిన. ఎత్తినామె ఓపికగా మాట్లాడింది. గోండి వచ్చా అంటే రాదన్నది. మా అమ్మకి ఏడుపొస్తే తెలుగుల రాదు కదక్కా.

రంప మేడం
జనవరి 12, రాత్రి 8:45

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను.

నేను రంపచోడవరం ఏజెన్సీలో ఏఎన్‌ఎమ్‌గా మొదలై సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. వాసంతీ, నీ పిల్ల అయిదుసార్లు చెప్పుకున్న సంగతికి నా దగ్గర ఒక చిన్న ఉపాయం ఉంది. మా తల్లీబిడ్డల కార్డు గుర్తుందా? గర్భిణికి ఇస్తాం. టీకాలు, బరువు, రక్తం, బీపీ అన్నీ అందులోనే. ఆ కార్డు ఉండేది ఆమె ట్రంకు పెట్టెలో. కొండ దిగి ఏ ఆస్పత్రికి వెళ్ళినా కార్డు తీసి చూపిస్తుంది. మొదట్నుంచీ అడగక్కర్లేదు.

మీ దగ్గర కంప్యూటర్లో ఉన్నవన్నీ ఆఫీసుల సొత్తు. ఆ అమ్మాయి చేతిలో ఒక పుస్తకం పెట్టు. తన కథలో ఏం రాయాలో, ఏం రాయకూడదో తనే చెప్పాలి. "నా తమ్ముడు పోయాడు. దాని గురించి నేను చెప్పేదాకా అడగకండి" అని మొదటి పేజీలో ఉంటే చాలు. కొత్త చోటికి వెళ్ళినప్పుడు పుస్తకం ఇస్తుంది. వాళ్ళు అది చదివి, "టీ తాగుతావా" అని మొదలుపెట్టాలి.

ఇంకోటి. కాగితం రాసి పంపొద్దు. ఏజెన్సీలో రెఫరల్ చీటీ ఇస్తే పది మందిలో ఇద్దరు వెళ్ళేవాళ్ళు. నేనో, ఆశా కార్యకర్తో జీపులో పక్కన కూర్చుని తీసుకెళ్తే అందరూ వచ్చేవాళ్ళు. వెంట వెళ్ళే మనిషికి బడ్జెట్ అడుగు.

విన్నిపెగ్ వాసంతి
జనవరి 13, రాత్రి 11:55

మేడం గారూ, చిన్నప్పుడు మా అమ్మ దగ్గర చూసిన కార్డే అది! ఇక్కడి ఫస్ట్ నేషన్స్ వాళ్ళకి 1998 నుంచి ఓసీఏపీ అని ఒక సూత్రం ఉంది. మా సమాచారం మాది, దాని మీద అదుపు మాది, చూసే హక్కు మాది, అది ఉండేది మా దగ్గర అని. పరిశోధనల గురించి చెప్పిన మాట. నా షీటు ఆ నాలుగింటికీ విరుద్ధం అని మీరు చెప్పాక తట్టింది.

ఈ వారం జరిగింది చెప్తాను. పెద్దావిడని పిలవాలి. ఈమెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఫోన్ చేశాను. "ఓహో" అంది, పెట్టేసింది. మా ఆఫీసులో పనిచేసే క్రీ తెగ (ఫస్ట్ నేషన్స్‌లో ఒకటి) అబ్బాయి నన్ను చూసి జాలిపడి, "పొగాకు తీసుకెళ్ళావా?" అన్నాడు. పెద్దల్ని ఏదైనా అడగాలంటే పొగాకు చేతిలో పెట్టి అడగాలి. కొంచెం పొగాకు ఎర్రగుడ్డ ముక్కలో మూట కట్టి ఇస్తారు. వాళ్ళు తీసుకుంటే ఒప్పుకున్నట్టు. నేను కొట్టుకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి పొగాకు కొన్నాను.

మైనస్ 31 డిగ్రీల్లో నాలుగు వీధులు నడిచి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, "నువ్వెవరు?" అంది. "ఇండియన్" అన్నాను అలవాటుగా. ఆవిడ ఒక క్షణం చూసి పకపకా నవ్వింది. "నన్ను కూడా ఇన్నేళ్ళూ అదే అన్నారు. మనిద్దర్లో ఎవరో ఒకరు దారి తప్పారు" అంది. లోపలికి పిలిచి బానక్ రొట్టె పెట్టింది. గంటసేపు మా ఊరు, మా అమ్మ, మా పొలం గురించి అడిగింది. పని గురించి మాట్లాడింది చివరి పది నిమిషాలు.

వస్తానంది. కానీ సేజ్ ఆకు వెలిగించి పొగ చూపాకే మీటింగు మొదలుపెట్టాలంది. మా బిల్డింగులో స్మోక్ అలారం ఉంది. మేనేజర్ని అడిగితే "పాలసీ ఒప్పుకోదు". పోయినేడు ఎవరో డిటెక్టర్‌కి కవరు తొడిగారట, ఫైర్ ఇన్‌స్పెక్టర్ గొడవ చేశాడట.

పైగా మా ఫైనాన్స్ వాళ్ళు ఆవిడని ఇన్‌వాయిస్, వెండర్ ఫారం, లయబిలిటీ ఇన్సూరెన్సు అడుగుతున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళావిడని!

పాతచింతకాయ
జనవరి 14, ఉదయం 6:50

పొగాకు ఇచ్చి పిలవడమంటే మన తాంబూలం ఇచ్చి పిలవడమే కదమ్మా. పొగ మన సాంబ్రాణి. ఎక్కడైనా మనుషులు ఒకటే.

ఉట్నూరు తమ్ముడు
జనవరి 14, ఉదయం 8:10

తాతా, కోపం చేసుకోకు. పోల్చుకుంటే అర్థమయితది, అది నిజమే. కానీ "మన సాంబ్రాణే" అని తేల్చేస్తే తప్పు. సాంబ్రాణి వేసినందుకు మీ తాతని ఎవరూ జైల్ల పెట్టలే. అక్కడ పాట్‌లాచ్ అనే కానుకల పండుగ చేసుకున్నా, తర్వాత సన్ డాన్స్ అనే పూజ నాట్యం చేసుకున్నా చట్టం ప్రకారం నేరం. 1885 నుంచి 1951 దాకా. ఇది నేను ఎక్కడ చదివిన్నో అక్కడనే ఇంకోటి కూడా ఉండె: ఇప్పటికీ కొందరు ముసలోళ్ళు ఆ పొగ చూస్తే భయపడతరట, చిన్నప్పుడు బడిల అది సైతాను పని అని కొట్టి నేర్పినరు కాబట్టి. కాబట్టి అక్కా, ఆదివాసి కనపడంగనే పొగ వెయ్యకు. ముందు అడుగు. చర్చికి పోయేటోళ్ళు ఉంటరు. ఇన్యూట్ ఆమెకి క్రీ పద్ధతి పెట్టుడంటే, నాకు కోయ పూజ పెట్టినట్టే.

పాతచింతకాయ
జనవరి 14, ఉదయం 8:31

కోపమేమీ లేదు నాయనా. 1951 సంగతి తెలియదు. తెలుసుకున్నాను.

టొరంటో లెక్కలు
జనవరి 14, రాత్రి 9:00

నేను అకౌంటెంట్‌ని. మనసు గురించి తెలియదు, ఇన్‌వాయిస్ గురించి తెలుసు. వాసంతి గారూ, మీ ఫైనాన్స్ వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్లో ఇద్దరే మనుషులు: ఉద్యోగి, వెండర్. మీ పెద్దావిడ రెండూ కాదు. అందుకని మూడో పెట్టె తెరిపించండి. బడ్జెట్ రాసేటప్పుడే "పెద్దల గౌరవ వేతనం" అని విడిగా ఒక లైన్, "పొగాకు, గుడ్డ, భోజనం, టాక్సీ" అని ఇంకో లైన్ పెట్టండి. ఏడాది మధ్యలో అడిగితే ఎవరూ ఇవ్వరు. ఏప్రిల్ బడ్జెట్ ఇప్పుడే రాస్తుంటారు, పరిగెత్తండి. ఫారం ఆవిడ నింపక్కర్లేదు, మీరు నింపి సంతకం మీరే పెట్టేలా అడగండి. డబ్బు అదే రోజు ఇవ్వాలి. ఆరు వారాలకి చెక్కు పంపితే అది అవమానం. మీ సైకియాట్రిస్టుకి గంటకి ఎంత ఇస్తున్నారో ఒకసారి చూసి, ఆవిడకి పెట్టిన అంకె పక్కన పెట్టి చూసుకోండి.

ఎవరు డబ్బు కట్టాలన్న గొడవ మీ మానిటోబాలో ఎంత దూరం వెళ్ళిందో మీకు తెలిసే ఉంటుంది. నార్వే హౌస్ అనే ఊరి ఫస్ట్ నేషన్స్ పిల్లాడు జోర్డన్ రివర్ ఆండర్సన్. ఇంటి దగ్గర సంరక్షణ ఖర్చు కేంద్రానిదా, రాష్ట్రానిదా అని వాదించుకుంటుండగా, ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండకుండా 2005లో ఆస్పత్రిలోనే పోయాడు. అప్పటికి వాడికి అయిదేళ్ళు. 2007లో పార్లమెంటు అతని పేరు మీద తీర్మానం చేసింది: ముందు సేవ ఇవ్వండి, బిల్లు తర్వాత తేల్చుకోండి అని. అది పిల్లలకే. పెద్దవాళ్ళకి అలాంటిది లేదు. కనీసం మీ ఏడు సంస్థల మధ్యయినా అలా రాసుకోవచ్చుగా.

ఓక్లాండ్ సుధ
జనవరి 15, ఉదయం 10:05

లెక్కల గారి మాటకి తోడు: మెటీ వాళ్ళని మర్చిపోకండి. నాకు తెలిసి కెనడా కేంద్ర ఆరోగ్య పథకం ఎన్‌ఐహెచ్‌బీ రిజిస్టర్డ్ ఫస్ట్ నేషన్స్‌కి, ఇన్యూట్‌కి వర్తిస్తుంది. 2016లో సుప్రీంకోర్టు మెటీలు కూడా కేంద్రం పరిధిలోకే వస్తారని తీర్పు ఇచ్చినా ఆ పథకం తలుపు వాళ్ళకి తెరుచుకోలేదు. మీ దగ్గరికి వచ్చిన మనిషిని "కార్డు ఉందా" అని మొదటి ప్రశ్న అడిగితే సగం మంది గుమ్మంలోనే తిరిగిపోతారు.

డాక్టర్ మూర్తి (విశాఖ)
జనవరి 15, రాత్రి 9:40

పొగ అలారం గురించి: కవర్లు తొడగొద్దు, నిజంగా ప్రమాదం. కెనడా ఆస్పత్రుల్లో దీనికి పద్ధతి ఉందని అక్కడ పనిచేసే నా క్లాస్‌మేట్ చెప్పింది. ముందు రోజే సెక్యూరిటీకి చెప్తే ఆ ఒక్క గది డిటెక్టర్‌ని ప్యానెల్లో గంటసేపు ఆపి, ఒక మనిషిని అక్కడ ఉంచి, తర్వాత మళ్ళీ ఆన్ చేస్తారు. మీ మేనేజర్‌ని "పొగ వేయొచ్చా" అని అడక్కండి. "ప్యానెల్లో ఆపడానికి ఫారం ఏది" అని అడగండి. మొదటి ప్రశ్నకి వద్దు అనడం తేలిక.

విన్నిపెగ్ వాసంతి
ఫిబ్రవరి 20, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించండి. చాలా జరిగింది, కొంత జరగలేదు.

డాక్టర్ గారూ, ఫారం ఉంది! పేరు "హాట్ వర్క్ పర్మిట్". వెల్డింగు చేసేవాళ్ళ కోసం పెట్టింది. అందులో "పని స్వభావం" అన్నచోట "ప్రార్థన" అని రాశాను. మేనేజర్ నవ్వి సంతకం పెట్టాడు.

ఏడు సంస్థల్లో అయిదు వచ్చాయి. పెద్దావిడ గదిలోకి రాగానే బల్లలన్నీ గోడకి జరిపించి, కుర్చీలు గుండ్రంగా వేయించింది. అబలోనీ గవ్వ చిప్పలో సేజ్ ఆకు పెట్టి అగ్గిపుల్ల గీసింది. మొదటి పుల్ల ఆరిపోయింది, రెండోది అంటుకుంది. గద్ద ఈకతో పొగ విసురుతూ ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళింది. చేతులతో పొగ తలమీదకి, కళ్ళమీదకి, గుండెమీదకి తీసుకుంటారు. ఒక సైకియాట్రిస్టు ఆస్తమా అని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అక్కడి నుంచే చెయ్యెత్తి సరే అంది, అంతే. తమ్ముడూ, నీ మాట గుర్తుపెట్టుకుని ముందే అందర్నీ అడిగాను. ఒక ఇన్యూట్ అమ్మాయి తనకి వద్దంది, టీ కప్పు పట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

లిథియం సంగతి నేనే ఎత్తాను. స్వెట్ నడిపే పెద్దాయన, "ఇన్నేళ్ళలో ఒక్క డాక్టరూ నాకిది చెప్పలేదు" అన్నాడు. సైకియాట్రిస్టు, "మీరెవరో నాకు తెలిస్తే కదా" అన్నాడు. ఇద్దరూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు. పెద్దాయన దగ్గర సెల్ లేదు, కోడలి నంబరు ఇచ్చాడు.

జరగనివి: రెండు సంస్థలు "మా లాయరు చూడాలి" అని ఆగిపోయాయి. మెటీ వాళ్ళకి డబ్బు ఎక్కడి నుంచో ఇంకా తేలలేదు. వెంట వెళ్ళే మనిషికి బడ్జెట్లో సగం ఉద్యోగమే ఇచ్చారు. ఆ క్రీ అబ్బాయినే వేశాం. నిజానికి ఈ కోఆర్డినేటర్ కుర్చీ కూడా అతనిదే అవ్వాలి. డిగ్రీ లేదని ఇవ్వలేదు. వచ్చే ఏడాదికి ఆ నిబంధన మార్చమని రాశాను. మారితే నా ఉద్యోగం పోతుంది, నవ్వుకోకండి.

ఆ అమ్మాయి సంగతి. పెద్దావిడ దగ్గరికి మూడుసార్లు వెళ్ళింది. ఆవిణ్ణి కోకుమ్ అంటోంది, అంటే అమ్మమ్మ. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పుస్తకం ఇచ్చాం. మా లోగో ఉన్న అట్ట ఆమెకి నచ్చలేదు, పూల గుడ్డ తొడుక్కుంది. పోయిన మంగళవారం కొత్త కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళింది. "పుస్తకం చూపించావా?" అన్నాను. "మొదటి పేజీ" అంది. బిడ్డకి జ్వరం తగ్గింది.

ఉట్నూరు తమ్ముడు
ఫిబ్రవరి 21, ఉదయం 6:15

అక్కా, ఈసారి జాతరకి అన్న తనే టికెట్ తీసిండు. నేను పోలేకపోయిన, లీవ్ దొరకలే.

ప్రశ్నార్థకం
ఫిబ్రవరి 21, ఉదయం 9:40

పొగ సంగతి ఇప్పటికీ ఒప్పుకోను. ఆ హాట్ వర్క్ పర్మిట్ కాపీ ఉంటే ఫోటో పెట్టండి, మా ఆఫీసులో ఆయుధపూజకి పనికొస్తుంది.

టొరంటో లెక్కలు
ఫిబ్రవరి 21, రాత్రి 8:20

పొగాకు రసీదు దాచారా? మార్చి 31 లోపు ఇవ్వాలి.